ఆరేళ్ల కౌలు, పదకొండు నెలల కార్డు

ప్రకృతి వ్యవసాయం గురించి ఎవరు మాట్లాడినా విత్తనం, పేడ, గోమూత్రం దగ్గరే ఆగిపోతున్నారు. మన గోదావరి డెల్టాలో అసలు చిక్కు కౌలు కాయితం దగ్గర ఉందని నేనంటాను. ఎందుకో కాస్త వెనక నుంచి చెప్పుకొస్తాను, ఓపిగ్గా చదవండి.

కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఏలూరు కాలవ వచ్చాక దాని దిగువన మాగాణి, ఎగువన మెట్ట. నీళ్లొచ్చాక కూడా వందేళ్ల పైచిలుకు సేద్యం పశువుల గెత్తం మీదే నడిచింది. సార్వాలో అక్కుళ్లు, కృష్ణకాటుకలు వేసేవారు. కోతలకి ముందు చేలో పిల్లిపెసరో, జనుమో, మినుములో చల్లేవారు. పశువుకి మేత, నేలకి సత్తువ. దిగుబడి మాత్రం తక్కువే, అది దాచకూడదు. ఆ రోజులే బంగారం అనేవాళ్లు 1965-66 కరువులో దేశమంతా అమెరికా గోధుమల ఓడల కోసం ఎదురుచూసిన సంగతి మర్చిపోతారు.

ఆ ఆకలికి జవాబుగానే ఐఆర్-8 వచ్చింది. ఫిలిప్పీన్స్‌లో 1966లో విడుదలైన ఆ పొట్టి వరిని మర్నాడు ఏడాదే మన ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు పండించి చూపించారు. ఆయనకి "మిస్టర్ ఐఆర్-8" అనే పేరే పడిపోయింది. అయితే అప్పుడు రైతు ఊరికే ఉపన్యాసాలు విని మారలేదండీ. విత్తనంతోపాటు ఎరువు, అప్పు, మద్దతు ధర, ధాన్యం కొనడానికి ఎఫ్‌సీఐ, అన్నీ కట్టగట్టుకుని వచ్చాయి. 1982లో మార్టేరు నుంచి స్వర్ణ వచ్చింది. యూరియా పెరిగింది, దోమపోటు పెరిగింది, మందు కొట్టడం పెరిగింది. ఆ మురుగు డ్రెయిన్ల మీదుగా కొల్లేట్లోకే. 2006లో కొల్లేటి చేపల చెరువుల గట్లు కొట్టించారు గానీ, పైనుంచి మన చేలు పంపే నీళ్ల మాట అంతగా చర్చకి రాలేదు.

ఇప్పుడు కౌలు సంగతికి వద్దాం. 1956 నాటి కౌలు చట్టానికి 1974లో సవరణ చేసి, కౌలు గడువు కనీసం ఆరేళ్లు ఉండాలన్నారు. వినడానికి ఎంత బాగుందో చూడండి. కాయితం రాస్తే పొలం చేజారుతుందని ఆసాములు భయపడ్డారు, రాయడమే మానేశారు. మాట మీద ఒక ఏడాదికి ఇవ్వడం, మక్తా తీసుకోవడం, మరుసటేడు ఇంకొకరికి ఇవ్వడం అలవాటైపోయింది. 2011లో రుణ అర్హత కార్డులు పెట్టారు. 2019లో కొత్త చట్టం తెచ్చి పదకొండు నెలల ఒప్పందం అన్నారు, అది కూడా ఆసామి సంతకం పెడితేనే. ఆరేళ్లు కాస్తా పదకొండు నెలలయ్యింది!

2016 నుంచి రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయం నేర్పుతోంది. 2024లో పోర్చుగల్ వాళ్ల గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది, మనకి గర్వమే. వాళ్లు చెప్పే పద్ధతుల్లో నాకు బాగా నచ్చింది తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలని కప్పి ఉంచడం. మన పెద్దలు చల్లిన పిల్లిపెసరకి అది అన్నదమ్ముడే. కానీ అది చల్లాల్సింది ఎండాకాలంలో. అప్పటికి మక్తా బేరమే తెగదు. ఆ చేను ఈ ఏడు తనదో కాదో తెలియని కౌలు రైతు గింజలు ఎక్కడ చల్లుతాడు? గెత్తం ఒక ఏడు తోలితే ఫలితం రెండో ఏడూ మూడో ఏడూ కనపడుతుంది. అప్పటికి ఆ చేలో ఇంకొకరు దమ్ము చేస్తుంటారు. మొదటి ఏడు దిగుబడి తగ్గితే మక్తా బస్తాలు తగ్గవు కదా. అందుకే అతను యూరియా బస్తా ఎత్తుకుంటున్నాడు. అతన్ని తెలివితక్కువవాడు అనకండి, లెక్క తెలిసే చేస్తున్నాడు.

దాళ్వా కోతలయ్యాక మీ ఊళ్లో మక్తాలు మాట్లాడుకుంటారు కదా. నేల బాగుచేసే రైతుకి మూడేళ్ల పాటు అదే చేను, అదే మక్తాకి వదిలేసిన ఆసాములు ఎవరైనా ఉంటే, వాళ్ల మధ్య మాట ఎలా కుదిరిందో నాకు రాయండి.