కట్లపాము పేరు గల పడవ

ఆస్ట్రేలియా దేశంలో సిడ్నీ నగరపు డార్లింగ్ హార్బరులో జాతీయ సముద్రయాన మ్యూజియం వారి రేవు ఉన్నది. అక్కడ వాంపైర్ అను పెద్ద యుద్ధనౌకా, ఆన్‌స్లో అను జలాంతర్గామీ చూపరుల కొరకు ఉంచబడినవి. వాటి దగ్గరలోనే ఒక చెక్క పడవ నీటిలో తేలుతూ ఉంటుంది. పొడవు 70 అడుగులు, వెడల్పు 11 అడుగులు మాత్రమే. చూడటానికి మన పేరాక్ తీరంలో చేపలు దింపే పడవలకన్న గొప్పగా ఏమీ ఉండదు. అయినా యుద్ధంలో పనిచేసిన ముసలి నావికులు, వారి పిల్లలు, పాత యంత్రాలంటే ప్రాణమిచ్చే ఔత్సాహికులు దాని ముందు నిలబడి చాలాసేపు కదలరు. దాని పేరు క్రైట్. ఆ మాట హిందీ నుంచి ఇంగ్లీషులోనికి పోయినది. మన భాషలో కట్లపాము.

ఈ పడవ కథ ఆస్ట్రేలియా వారి కథ అని మనం ప్రక్కన పెట్టవచ్చును. కాని ఇది మన సముద్రంలో, మన పెద్దలు "జపాను కాలం" అని గొంతు తగ్గించి చెప్పుకున్న రోజులలో జరిగిన కథ. అందుచేత మన పత్రిక పాఠకులు, ముఖ్యంగా మన పిల్లలు, తెలుసుకొనదగినది.

క్రైట్ పుట్టుక జపానులో. 1934లో కట్టినప్పుడు దాని పేరు కోఫుకు మారు. సింగపూరు చుట్టుప్రక్కల జపాను చేపల వ్యాపారులకు పనిచేసేది. 1941 డిసెంబరులో యుద్ధం రాగానే బ్రిటిషువారు దానిని పట్టుకున్నారు. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయినది. ఆ ముందూ వెనుకల రోజులలో పారిపోతున్న ఓడలెన్నో సుమాత్రా తూర్పు తీరాన బాంబులకు మునిగినవి. బిల్ రేనాల్డ్స్ అను ఆస్ట్రేలియా నావికుడు ఈ చేపల పడవతోనే దీవులలో చిక్కుకొన్న 1,100 మందికి పైగా జనాన్ని ఒడ్డు చేర్చినాడు. తరువాత సిలోను, ఇండియాల మీదుగా ఆ పడవ ఆస్ట్రేలియా చేరినది.

దానికి కట్లపాము పేరు పెట్టినది అప్పుడే. మేజర్ ఐవాన్ లయన్ అను బ్రిటిషు అధికారికి ఒక ఆలోచన వచ్చినది. జపాను వారి పడవ గనుక జపాను సముద్రంలో దానిని ఎవరూ అనుమానించరు. దాని మీద దొంగచాటుగా సింగపూరు వెళ్ళి, రేవులోని ఓడలను పేల్చి, తిరిగి రావచ్చును. పాత ఇంజను మొండికేసి మొదట ప్రయాణం ఆగిపోయినది. గార్డ్‌నర్ కంపెనీ డీజిల్ ఇంజను క్రొత్తది బిగించినారు. 1943 సెప్టెంబరు 2న పద్నాలుగు మంది పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎక్స్‌మౌత్ అఖాతం నుంచి బయలుదేరినారు. పది మంది ఆస్ట్రేలియనులు, నలుగురు బ్రిటిషువారు. దారి చూపినవాడు టెడ్ కార్స్ అను నావికాధికారి.

పడవ గంటకు ఆరేడు నాటు మైళ్ళకు మించి పోదు. లొంబాక్ జలసంధి దగ్గర ఎదురు ప్రవాహానికి దాదాపు నిలిచిపోయినంత పని అయినది. జపాను జెండా కట్టి, ఒంటికి గోధుమరంగు పూసుకొని, సరోంగులు చుట్టుకొని మలాయి జాలరులవలె కనబడుతూ సాగినారు. దగ్గర నుంచి చూచిన వాడెవడూ ఆ నీలికళ్ళ దొరలను జాలరులని నమ్మడు. కాబట్టి ఎవరికీ దగ్గర కాకుండా ఉండటమే వారి రక్షణ.

సెప్టెంబరు 26 రాత్రి ఆరుగురు మనుషులు, మడిచి పెట్టుకోగల మూడు గుడ్డ దోనెలలో సింగపూరు రేవులోనికి తెడ్లు వేసుకొని పోయినారు. ఇనుముకు అయస్కాంతంతో అంటుకొనే బాంబులను ఓడల ప్రక్కలకు నీటి అడుగున అంటించినారు. తెల్లవారుతుండగా అవి పేలినవి. మునిగినవీ, బాగా దెబ్బతిన్నవీ కలిసి ఆరేడు ఓడలు. దోనెలలోని ఆరుగురినీ క్రైట్ మళ్ళీ ఎక్కించుకొన్నది. తిరుగు దారిలో లొంబాక్ దగ్గర ఒక జపాను గస్తీ ఓడ రాత్రివేళ చాలా దగ్గరకు వచ్చి, కొంతసేపు వెంట నడచి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయినది. అక్టోబరు 19న, 48వ రోజున, పద్నాలుగు మందీ ప్రాణాలతో తిరిగి వచ్చినారు. ఈ పనికి జేవిక్ అని రహస్య నామం.

ఇంతవరకు చెబితే ఇది సాహసగాథ. కాని చరిత్ర పాఠం చెప్పేవారు ఇక్కడ ఆగరాదు. ఆ తెల్లవారు జామున పేలిన బాంబుల వెల ఎవరు చెల్లించినారని అడగవలెను.

ఈ పని ఎవరు చేసినారో జపాను వారికి తెలియలేదు. ఇంత దూరం నుంచి పడవ మీద వచ్చి ఉంటారని వారు ఊహించలేదు. చాంగీ జైలులోని ఖైదీలూ, ఊరిలోని వారి స్నేహితులూ కలిసి చేయించినారని అనుకున్నారు. అక్టోబరు 10న, అనగా పదవ నెల పదవ తేదీన, కెంపెతాయి పోలీసులు చాంగీ జైలు మీద పడినారు. అందుకే దానిని "డబుల్ టెన్త్" అంటారు. 57 మందిని చిత్రహింసలు పెట్టినారు. పదిహేను మంది చనిపోయినారు. వారిలో ఒక్కరికీ ఈ పడవ సంగతి తెలియదు. బయట ఊరిలో ఎలిజబెత్ చోయ్ అను చైనీయ స్త్రీని దాదాపు 200 రోజులు బంధించి హింసించినారు. ఖైదీలకు ఆమె డబ్బు, కబుర్లు చేరవేసేది. ఆమె మన సబాలోని కుదత్‌లో పుట్టినది. వృత్తిరీత్యా ఉపాధ్యాయిని. బ్రతికి బయటపడి, మళ్ళీ బడికి పోయి పాఠాలు చెప్పినది. 1946లో విచారణ జరిగి ఆ పోలీసులలో ఎనిమిది మందికి మరణశిక్ష పడినది. మిత్రరాజ్యాలవారు మాత్రం యుద్ధం ముగిసేవరకు నోరు మెదపలేదు. అదే ఉపాయం మరొకసారి వాడుకోవలెనని వారి ఆలోచన.

మరొకసారి వెళ్ళినారు కూడా. 1944లో జరిగిన ఆ రెండవ ప్రయత్నం పేరు రిమావు, మలాయిలో పులి. క్రైట్ మీద వెళ్ళిన వారిలో ఆరుగురు దానిలోనూ ఉన్నారు. వెళ్ళిన 23 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు. లయన్ పోరులో చనిపోయినాడు. పట్టుబడిన పదిమందిని, యుద్ధం ఇక నెల పైచిలుకులో ముగుస్తుందనగా, 1945 జూలై 7న సింగపూరులో తలలు నరికినారు. జనాన్ని ఒడ్డు చేర్చిన రేనాల్డ్స్ కూడా 1944లో జపాను వారి చేతిలోనే మరణించినాడు.

ఇక మన సంగతి. 1943 అక్టోబరు నెలను క్యాలెండరులో ఒకసారి చూడండి. 10వ తేదీ చాంగీ జైలులో చిత్రహింసలు మొదలైనవి. 17వ తేదీ సయాం–బర్మా రైలుదారి రెండు కొసలూ కలిసినవి. 19వ తేదీ క్రైట్ ఇల్లు చేరినది. 21వ తేదీ సింగపూరులోని కాథే భవనంలో నేతాజీ సుభాష్ చంద్రబోసు ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని ప్రకటించినారు. పన్నెండు రోజులలో నాలుగు సంగతులు.

ఆ రైలుదారి పొడవు 415 కిలోమీటర్లు. దాని మీద పనిచేసిన యుద్ధఖైదీలు 60 వేలు, చనిపోయినవారు 12 వేలకు పైగా. ఆసియా కూలీలు సుమారు రెండు లక్షలు, చనిపోయినవారు 90 వేల దాకా ఉండవచ్చునని అంచనా. రబ్బరు తోటల లైన్లలోంచి మూడు నెలల పని అని, మంచి కూలి అని చెప్పి, తరువాత తరువాత లారీలలో బలవంతంగా ఎక్కించి తీసుకొని పోయిన తమిళులు, తెలుగువారు, మలాయివారు వీరిలో ఉన్నారు. కలరా వారిని ఊడ్చివేసినది. ఖైదీలకు సైన్యం, లెక్కలు, డాక్టర్లు ఉన్నారు. మన కూలీకి కంగాణి కూడా తోడులేడు.

అదే నెలలో మన తోటల యువకులు, యువతులు ఎందరో నేతాజీ పిలుపు విని సైన్యంలో చేరినారు. ఝాన్సీ రాణి దళంలో తోటపని చేసిన ఆడపిల్లలు తుపాకి పట్టినారు. జపాను వాడు ఒకే ఇంటిలో ఒకరికి యముడు, మరొకరికి స్వాతంత్ర్య సైన్యానికి తోడు నిలిచినవాడు. ఆస్ట్రేలియా వారికి ఆ యుద్ధం ఒకే రంగులో కనబడుతుంది. మనకు అట్లా కనబడదు. సిగ్గుపడవలసినది ఏమీ లేదు. చెప్పుకొనడానికి కష్టమైన కథ గనుకనే మనవారు చాలామంది చెప్పకుండా పోయినారు.

ఆస్ట్రేలియా వారు తమ పడవను ఎట్లా కాపాడుకున్నారో చూడండి. యుద్ధం తరువాత అది ఉత్తర బోర్నియోలో కలప వ్యాపారంలో పడినది. నేడు మన సబా అయిన ఆ ప్రాంతంలో, సందాకన్ వైపు నదులలో దుంగలు లాగినది. దాని గతం తెలిసిన కొందరు పోల్చుకొని, ఊరుకోలేదు. ప్రజల దగ్గర చందాలు పోగుచేసి 1964లో దానిని కొని సిడ్నీ చేర్చినారు. స్వచ్ఛంద తీర గస్తీ దళం వారు ఏళ్ళ తరబడి దానిని తమ శిక్షణకు, గస్తీకి వాడుకుంటూ బాగుచేసుకుంటూ వచ్చినారు. 1985లో అది యుద్ధ స్మారక సంస్థకు చెందినది. తరువాత మ్యూజియం రేవుకు వచ్చినది. 2018లో సింగపూరు సాహసానికి 75 ఏళ్ళు నిండేనాటికి పుచ్చిన చెక్కలు మార్చి, 1943 నాటి రూపానికి తెచ్చినారు. పద్నాలుగు మందిలో చివరివాడు మాస్ బెరీమన్ 2020లో కన్నుమూసినాడు. మనుషులు పోయినారు, పడవ ఉన్నది. పడవ ఉన్నది గనుక పిల్లలు అడుగుతారు, పెద్దలు చెబుతారు.

చెక్క పడవ తనంతట తాను నిలవదు. నీటిలో ఉంటే పురుగు తొలుస్తుంది, గట్టున ఉంటే ఎండకు పగులుతుంది. ఎవరో ఒకరు ఏటేటా సందులు పూడ్చి, రంగు వేసి, చెడిన పలక తీసి మంచి పలక పెట్టవలెను. ఆ పని చేసినవారిలో ఎక్కువమంది ఆ యుద్ధం చూడనివారే. జ్ఞాపకమూ అంతే. చూచినవారు పోయిన తరువాత చూడనివారు దానిని మరమ్మతు చేస్తూ ఉంటేనే నిలుస్తుంది.

మనకు అట్లాంటి పడవ లేదు. తోటల లైను ఇళ్ళు కూలినవి, తోటలు నూనెతాటి చెట్లకు, బంగళాలకు మారినవి. కాంచనబురి శ్మశానంలో ఆరువేలకు పైగా సైనికుల సమాధులు వరుసగా, చాలావాటి మీద పేర్లతో ఉన్నవి. సయాం పోయిన మన వాళ్ళలో ఎక్కువమందికి పేరు గల సమాధి లేదు. 1990లో అదే ఊరిలో త్రవ్వకాలలో ఎముకలు గుట్టలుగా బయటపడినవి. అవి ఎవరివో చెప్పే పలక ఒక్కటీ లేదు.

పడవ లేకపోయినా పేర్లు ఉన్నవి. మన ఇళ్ళలో ఇప్పటికీ "మా తాత అన్న సయాం పోయి తిరిగి రాలేదు" అని చెప్పగలిగినవారు ఉన్నారు. విశాఖపట్నం, శ్రీకాకుళం, గోదావరి జిల్లాలలోని ఊరిపేర్లు చెప్పగలిగిన అవ్వలూ ఉన్నారు. ఒక్కొక్క ఇంటివారు ఒక్కొక్క కాగితం మీద ఈ అయిదు సంగతులు తెలుగులో రాసి పెట్టండి: పేరు, ఆంధ్రదేశంలోని ఊరు, ఇక్కడ ఉన్న తోట, సయాంకో సైన్యానికో పోయిన సంవత్సరం, తిరిగి వచ్చినదీ రానిదీ. తెలుగు రాయలేనివారు మన వారాంతపు బడి పిల్లలచేత రాయించండి. పిల్లలకు అదే పాఠం అవుతుంది, అక్షరాలు వస్తాయి, వంశం తెలుస్తుంది. తెలియని గడి ఖాళీగా ఉంచండి, ఊహించి నింపవద్దు. ఆ కాగితాలన్నీ ఒకచోట కుట్టి, మన సంఘంలో ఒక పుస్తకంగా భద్రపరచవలెనని నా మనవి.