కాలేజీలున్న ఊరూ, చదువుల ఊరూ

ఏ ఊరిని మనం చదువుల ఊరు అనాలి? ఎన్ని కాలేజీలుంటే ఊరు అంత గొప్పదని లెక్కగట్టేవారున్నారు. ఆ లెక్కే నిజమైతే తెలుగు నేల మీద మొయినాబాదును మించిన ఊళ్ళు చాలా తక్కువ. మెహిదీపట్నం నుంచి చేవెళ్ళ వైపు సాగే బీజాపూరు రోడ్డు పొడవునా, గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టుపక్కల పల్లెల్లో, ఇంజనీరింగు, ఫార్మసీ, మేనేజిమెంటు, వైద్య కళాశాలలు బారులు తీరి కనిపిస్తాయి. పగటిపూట అక్కడ వేలాదిమంది విద్యార్థులుంటారు. అయినా మొయినాబాదును గానీ, పాత తాలూకా కేంద్రమైన చేవెళ్ళను గానీ చదువుల ఊరని ఎవరూ అనరు. ఆ దారిన ఏళ్ళ తరబడి తిరుగుతున్న నేనూ అనలేను. ఎందుకు అనలేమో తెలుసుకోవాలంటే చరిత్రలోకి వెళ్ళాలి.

మధ్యయుగాల బొలోన్యాలో 'యూనివర్సిటాస్' అన్నమాటకు భవనమని అర్థం లేదు. అది విద్యార్థుల సంఘానికి పేరు. పరాయి ప్రాంతాల నుంచి వచ్చిన ఆ విద్యార్థులు సంఘంగా ఏర్పడి, ఊరివారితో గది అద్దెలు బేరమాడుకున్నారు, గురువుల జీతాలు తామే నిర్ణయించారు. ఆక్స్‌ఫర్డులో 1355లో ఊరివారికీ విద్యార్థులకూ మధ్య సారాయి దుకాణంలో మొదలైన తగాదా నెత్తుటి కొట్లాటగా మారింది. ఈ రెండింటిలోనూ మనం గమనించవలసింది ఒక్కటే. విద్యార్థి ఆ ఊళ్ళో రాత్రి నిద్రించాడు. ఊరి తిండి తిన్నాడు. ఊరితో బేరమాడాడు, పోట్లాడాడు. ఊరికి అతనితో పని పడింది, అతనికి ఊరితో పని పడింది. చదువుల ఊరికి పునాది ఈ పరస్పర అవసరమే.

మన దేశంలో ఈ సంబంధానికి పాత రూపం వారాలు చేసుకోవటం. బీద విద్యార్థి ఏడు రోజులకు ఏడిళ్ళు కుదుర్చుకుని తిని చదువుకునేవాడు. దానిని నేను కీర్తించటం లేదు. ఆ ఏడిళ్ళ గడపలు ఒక కులానికే తెరుచుకున్నాయి. చదువుకు ఊరు తిండి పెట్టాలన్న భావం అందులో ఉంది, ఎవరి చదువుకు అన్న ప్రశ్న మాత్రం లేదు. ఆ ప్రశ్న లేవటానికి ఇరవయ్యో శతాబ్దం రావలసి వచ్చింది.

హైదరాబాదు చదువుల నగరమైన క్రమం చూడండి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో వచ్చింది. దానికి పదిహేడేళ్ళ ముందే, 1901లో, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. అంటే విశ్వవిద్యాలయం కన్నా ముందు పుస్తకం వచ్చింది. భాగ్యరెడ్డివర్మ 1910 నుంచి ఆదిహిందువుల పిల్లలకు బడులు తెరిచారు. విశ్వవిద్యాలయం వచ్చిన 1918లోనే రెడ్డి హాస్టలు ఏర్పడింది. ఆ తర్వాత అనేక కులాలు తమ తమ పిల్లల కోసం హాస్టళ్ళు కట్టుకున్నాయి. కులం గోడల మధ్య కట్టినవే అయినా, పల్లె నుంచి వచ్చిన తెలుగు పిల్లవాడికి ఉర్దూ నగరంలో తల దాచుకునే చోటు అవే. రెడ్డి హాస్టలు బాధ్యతలు చూసిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక ప్రారంభించటం కాకతాళీయం కాదు. హాస్టలు పాఠకులను తయారుచేసింది, పాఠకులు పత్రికను నిలబెట్టారు, పత్రిక సభలకు దారితీసింది. గది, అన్నం, పుస్తకం, పత్రిక, సభ: ఇదీ ఆ క్రమం.

ఆ క్రమానికి పరీక్ష 1938లో వచ్చింది. వందేమాతరం పాడినందుకు ఉస్మానియా అధికారులు విద్యార్థులను వందల సంఖ్యలో వెళ్ళగొట్టారు. అప్పుడు నాగపూరు విశ్వవిద్యాలయం వారిని చేర్చుకుంది. తరువాతి కాలంలో ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు అలా వెళ్ళినవారిలో ఒకరు. ఆ ఏడు తెలంగాణ విద్యార్థికి నాగపూరు చదువుల ఊరయింది, హైదరాబాదు కాలేజీలున్న ఊరుగా మిగిలింది. ఎంతమందికి పట్టాలిచ్చిందన్నదానికన్నా, వెళ్ళగొట్టినవాడిని చేర్చుకుందా లేదా అన్నదే చదువుల ఊరికి గట్టి గీటురాయి.

రాజధాని కాని ఊరికి ఇది సాధ్యమా అని అడగవచ్చు. హనుమకొండ ఉంది. అక్కడ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం 1904 నాటిది. ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల, కాకతీయ వైద్య కళాశాల రెండూ 1959లో వచ్చాయి. కాకతీయ విశ్వవిద్యాలయం 1976లో ఏర్పడింది. ఇక్కడా గ్రంథాలయమే పెద్దది, కాలేజీలు దాని తర్వాత పుట్టినవి. వరంగల్లు సాహితీమిత్రులు 1966లో సృజన పత్రిక ప్రారంభించారు. పల్లెల నుంచి వచ్చిన పిల్లలు ఊరివారి ఇళ్ళల్లో గదులు అద్దెకు తీసుకుని వండుకు తిన్నారు. ఇంటి యజమానికి అద్దె ముట్టింది, ఆ ఇంటి పిల్లలకు లెక్కలు చెప్పేవాడు దొరికాడు. ఊరి రాజకీయాలు కాలేజీలోకీ, కాలేజీ రాజకీయాలు ఊళ్ళోకీ నడిచాయి. పాలకులకు ఇది నచ్చి ఉండకపోవచ్చు, కాని ఊరు పెరగటమంటే ఇదే.

ఇక చేవెళ్ళ, మొయినాబాదులకు వద్దాం. నిజాము కాలంలో నగరం చుట్టూ ఉన్న అత్రాఫెబల్దా సర్ఫెఖాస్ ఇలాకా. అక్కడి శిస్తు నిజాము సొంత ఖజానాకు పోయేది. 1908 సెప్టెంబరు మూసీ వరదల తరువాత నగర రక్షణ కోసం, తాగునీటి కోసం ఉస్మాన్‌సాగర్ కట్ట 1920 నాటికి, హిమాయత్‌సాగర్ 1927 నాటికి పూర్తయ్యాయి. గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాదు వదలడని సామెత పుట్టింది. ఈ పల్లెల కూరగాయలు, పూలు ఇప్పటికీ తెల్లవారకముందే నగరం చేరుతాయి. ఈ ప్రాంతం నగరానికి శిస్తు ఇచ్చింది, నీళ్ళిచ్చింది, కూరలిచ్చింది. నగరం దీనికి చదువు ఇవ్వలేదు.

చదువు కావలసినవాడు నగరానికే నడిచాడు. మొయినాబాదు మండలంలోని పెద్దమంగళారంలో 1890లో పుట్టిన కొండా వెంకటరంగారెడ్డి వకీలుగా నగరంలో స్థిరపడ్డారు. 1936లో షాద్‌నగర్ ఆంధ్రమహాసభకు అధ్యక్షత వహించారు. 1978లో ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు. ఆయన పేరుమీద జిల్లా వచ్చింది గాని, ఆయన పుట్టిన పల్లెల పిల్లలు నగరం బస్సెక్కవలసిన స్థితి అలాగే ఉండిపోయింది.

తరువాత కాలేజీలే ఇటు నడిచి వచ్చాయి. ఎలా వచ్చాయన్నది ముఖ్యం. రాజేంద్రనగర్‌లో 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రభుత్వ నిర్ణయంతో, ప్రజాధనంతో వచ్చింది. గండిపేటలో 1979లో చైతన్యభారతి ప్రయివేటు ఇంజనీరింగు కళాశాలగా వచ్చింది. 1986లో ఎంసెట్ మొదలైంది. 1998లో అజీజ్‌నగర్‌లో విద్యాజ్యోతి, యెన్కపల్లిలో జె.బి. ఇంజనీరింగు కళాశాలలు వచ్చాయి, వాటి వెనుక మరెన్నో. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంటు పథకం రావటంతో బీదవర్గాల పిల్లలు మొదటిసారి పెద్దసంఖ్యలో ఇంజనీరింగులో చేరారు. అది ప్రజల విజయం, సందేహం లేదు. కాని ఆ డబ్బు ఆధారంగా ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగు కళాశాలలు ఏడువందలు దాటాయి. పథకం బకాయి పడితే ఇవి ఊగిసలాడతాయి. ఊరిలో వేళ్ళున్న సంస్థకు ఆ గతి పట్టదు.

ఇక్కడొక వైరుధ్యం ఉంది. జలాశయాల రక్షణ కోసం 1996 మార్చిలో ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వు జారీ చేసింది. పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాలలో, కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, నివాస కాలనీలు కూడదన్నది. నీటి కోసం ఆ ఉత్తర్వు న్యాయమైనదే. అయితే దాని నీడలోనే కాలేజీలు పెరిగాయి, ఇళ్ళు పెరగలేదు. చదవటానికి చోటు వచ్చింది, బతకటానికి చోటు రాలేదు. ఇళ్ళు పెరగని చోట ఇంటిపన్ను పెరగదు. ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసల వంతున రావలసిన గ్రంథాలయ పన్నూ పెరగదు. పుస్తకాల అంగడికి గిరాకీ ఉండదు. అద్దెగది, మెస్సు, సాయంకాలపు సభ ఏవీ పుట్టవు.

అందుచేత జరిగింది ఏమిటి? పొద్దున కూరగాయల బుట్టలు నగరానికి వెళ్ళే దారిలోనే పసుపుపచ్చ బస్సులు విద్యార్థులను మోసుకుని ఎదురు వస్తాయి. సాయంత్రం నాలుగు దాటగానే అవే బస్సులు వారిని తిరిగి తీసుకుపోతాయి. గండిపేట పక్కనే కూచున్న విద్యార్థి ఆ నీళ్ళ సామెత కూడా ఎరగడు. భూమి అమ్ముకున్న రైతు కొడుకు అదే భూమిలో గేటు దగ్గర కాపలా ఉంటాడు. గేటు లోపలి గ్రంథాలయంలో ఏ పుస్తకాలున్నాయో అతనికి తెలియదు. ఈ ప్రాంతంలో విద్యార్థులందరికీ తెలిసిన చోటు ఒక్కటే, చిలుకూరు గుడి. పదకొండు ప్రదక్షిణలు చేసి కోరుకుని, వీసా వచ్చాక నూటెనిమిది చేసి మొక్కు తీర్చుకుంటారు. భక్తిని నేను విమర్శించటం లేదు. హుండీ కూడా లేని గుడి అది. కాని ఇన్ని కాలేజీల మధ్య యువతరం మనసారా కోరుకునేది దేశం దాటి పోవటమే అయితే, ఆ కోరికకు కారణం గుడిలో లేదు, కాలేజీలో, సమాజంలో ఉంది.

నగరం ఇంత దగ్గరుండగా ఇక్కడ వేరే ఊరెందుకు, బస్సు చాలదా అనేవారున్నారు. వారికి ఆ రోడ్డే జవాబు చెబుతుంది. 2025 నవంబరు 3న చేవెళ్ళ దగ్గరి మీర్జాగూడ వద్ద, తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును కంకర టిప్పరు ఢీకొని కనీసం 19 మంది మరణించారు. ఊరి నుంచి నగరంలోని చదువులకు తిరిగి వెళుతున్న విద్యార్థినులు ఆ మృతులలో ఉన్నారు. రోడ్డు వెడల్పు చేయాలా, దారి పొడవునా ఉన్న సుమారు 900 మర్రిచెట్లను కాపాడాలా అని అప్పటికి ఏళ్ళ తరబడి వాదన నడిచింది. ఆ వాదనలో నాకు వినిపించని ప్రశ్న ఒకటుంది. ఇన్ని కాలేజీలున్న ప్రాంతం మీదుగానే, వాటిని దాటుకుంటూ, పడమటి పల్లెల ఆడపిల్లలు నగరానికి ఎందుకు వెళ్ళవలసి వస్తోంది? తక్కువ ఖర్చుతో డిగ్రీ చదువు, నమ్మకమైన హాస్టలు దారి మధ్యలోనే దొరికితే ఆ ప్రయాణాలలో కొన్నయినా తప్పేవి కావా?

ఇంకొక జవాబు ఆ జలాశయాలే చెబుతాయి. 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు ఉత్తర్వుతో 111లోని నిషేధాలను షరతులతో తొలగించారు. 2023 మేలో పూర్తి రద్దుకు మంత్రివర్గం నిర్ణయించింది. చెరువుల పక్కనే వేలాదిమంది సివిల్ ఇంజనీరింగు చదివే చోట, నీటి గురించి, భూమి గురించి ఆ కాలేజీల గొంతు నాకు వినబడలేదు. పోల్చి చూడండి. 2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల చెట్లు కొట్టబోతే హైదరాబాదు విశ్వవిద్యాలయం విద్యార్థులు అడ్డుపడ్డారు, సుప్రీంకోర్టు ఆ పని ఆపించింది. వాళ్ళు అడ్డుపడగలగటానికి కారణం వాళ్ళు అక్కడ నివసిస్తున్నారు. రాత్రిపూట యంత్రాల చప్పుడు వాళ్ళకు వినబడింది. నాలుగింటి బస్సుకు వెళ్ళిపోయేవాడికి ఆ చప్పుడు వినబడదు.

ఇప్పుడు నిషేధం సడలింది కాబట్టి ఇళ్ళు వస్తాయి, ఊరు అదే పెరుగుతుందని కొందరి ఆశ. వచ్చేవి విల్లాలు, ఫామ్‌హౌసులు. వాటిలో విద్యార్థికి గది దొరకదు, పల్లెవాడికి పని తప్ప చోటు దొరకదు. జలాశయాలను బలిపెట్టి కట్టే ఊరు మనకు అక్కరలేదు. ఉన్న పల్లెల గ్రామకంఠంలోనే, చెరువుకు హాని లేకుండా, ప్రభుత్వ హాస్టళ్ళు కట్టవచ్చు. కాలేజీ గ్రంథాలయాలను సాయంత్రం ఊరివారికి తెరిపించవచ్చు. పల్లె మహిళాసంఘాలకు మెస్సులు అప్పగించవచ్చు. పడమటి మండలాల పిల్లల కోసం చేవెళ్ళలో మంచి ప్రభుత్వ కళాశాలను, దానికి తగ్గ వసతిగృహాలను బలపరచవచ్చు. విద్యార్థి సంఘాల ఎన్నికలను తిరిగి జరిపించవచ్చు. ఇవేవీ కొత్త కోరికలు కావు. 1901లో, 1904లో, 1918లో మనుషులు ఇటువంటి పనులే చేశారు.

భవనాలు కట్టటం పెట్టుబడికి చేతనవును. ఊరిని కట్టటం దానికి చేతకాదు, దానికి అవసరమూ లేదు. ఆ అవసరం విద్యార్థికీ, పల్లెకూ ఉంది. ఈ ఇద్దరినీ గేటుకు చెరో వైపున నిలబెట్టిన ఏర్పాటును ప్రశ్నించకుండా, ఎన్ని కొత్త కాలేజీలు వచ్చినా మొయినాబాదు కాలేజీలున్న ఊరుగానే ఉంటుంది. ఆ గేటు తెరవమని అడగటం ఆ ప్రాంతపు విద్యార్థులతో, రైతులతో పాటు మన రచయితల పని కూడా.