నా కళ్ళజోడు

మొన్న మా అమ్మాయి ఆఫీసు చూద్దామని హైటెక్ సిటీకి వెళ్ళాను. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు "ఊరవతల బండరాళ్ళ మధ్య ఇంత మేడా!" అని మా వారితో వేళాకోళమాడినదాన్ని. ఇప్పుడు మేడల మధ్య బండరాళ్ళని వెతుక్కోవాలి!

మా అమ్మాయి పక్క సీట్లో ఒకమ్మాయి చెవికి ఏదో తగిలించుకుని టకటకా టైపు చేస్తోంది. ఎదురుగా కంప్యూటరు తెర మాత్రం ఆర్పేసి ఉంది.

"పాటలు వింటూ పని చేస్తున్నావా తల్లీ?" అన్నాను.

నవ్వి, అది తీసి నా చెవిలో పెట్టింది. కందిరీగల తుట్టె కదిపినట్టు గడగడా మాటలు!

"నాకు చూపు లేదాంటీ. తెర మీద ఉన్నదంతా ఇది చదివి వినిపిస్తుంది."

"అయితే నీ పనంతా అదే చేసేస్తుందన్నమాట!"

"చదవడం వరకే దాని వంతు. తప్పొప్పులు తేల్చేది నేనేగా!"

"ఖరీదెంతేమిటి?"

"దమ్మిడీ లేదు. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని కుర్రాడు 2006లో మొదలుపెట్టాడు. అందరికీ ఉచితమే."

ఇలాంటి సాధనాలంటే ఎవరి కోసమో ఈమధ్య వచ్చిన వింతలనుకున్నాను. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేస్తే సిగ్గేసింది. పెళ్ళికి ముందు మనం ఇన్‌స్టిట్యూట్‌కెళ్ళి "ఎ ఎస్ డి ఎఫ్" కొట్టామే, ఆ టైపుమిషను పూర్వీకుల్లో ఒకటి ఇటలీలో పుట్టింది. చూపులేని కరోలినా ఫాంటోనీ తన ఉత్తరాలు తానే రాసుకోవాలని పెల్లెగ్రినో తుర్రీ చేసిపెట్టాడు. మిషను మిగల్లేదు. 1808 నాటి ఉత్తరం మాత్రం ఉంది. మనసులో మాట ఇంకొకరికి చెప్పి రాయించుకోవడం ఎంత ఇబ్బందో ఆడవాళ్ళకి వేరే చెప్పాలా?

సాధనం ఏదో ఒకటి ఇచ్చేస్తే చాలనుకోవడం ఇంకో పొరపాటు. మన హైదరాబాదులోనే, నిమ్స్ ఆస్పత్రిలో పిల్లలు మూడు కిలోల పైచిలుకు ఇనప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడవడం అబ్దుల్ కలాం గారు చూశారు. క్షిపణుల కోసం తయారైన తేలిక పదార్థంతో 1990లలో 300 గ్రాముల కాలిపరు చేయించారు. ఆ పిల్లలు పరుగెత్తడం తనకు గొప్ప ఆనందమని ఆయన చెప్పుకునేవారు.

ఇదంతా చదవడానికి ముందు నేను చేసిన పనేమిటో తెలుసా? కళ్ళజోడు వెతుక్కోవడం! అది లేకపోతే నాకు ఉప్పేదో పంచదారేదో తెలీదు. అయినా నన్ను చూసి ఎవరూ "అయ్యో పాపం" అనరు. మరి ఆ పిల్లని చూసి నేనెందుకన్నట్టు?