గూడూరు ప్రాంతంలో దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధులు: కారణాలు

గూడూరు ప్రాంతంలో పెద్దవారికి వచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధులకు పొగాకు, కట్టెల పొయ్యి పొగ, పాత క్షయతో పాటు ఇక్కడి నేలకు సంబంధించిన కారణం మరొకటి ఉంది: రాతి దుమ్ము. గూడూరు, సైదాపురం, రాపూరు పరిసరాలు నెల్లూరు అభ్రకం మేఖలలోనివి. అభ్రకం పలుగురాయి, ఫెల్‌స్పార్‌లతో కలిసి దొరుకుతుంది. గనిలో రాతికి బెజ్జం వేసినా, పేల్చినా, పలుగురాయిని మిల్లులో పొడి చేసినా సిలికా ధూళి లేస్తుంది.

చిల్లకూరు, కోట మండలాల్లోని తెల్ల ఇసుక కూడా సిలికాయే. అయితే ముతక రేణువు ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. అసలు ప్రమాదం దాన్ని నూరినప్పుడు. 5 మైక్రాన్ల కంటే సన్నని, కంటికి కనిపించని ధూళి గాలిగదుల దాకా చేరుతుంది. దాన్ని మింగిన రక్షక కణాలు చనిపోతాయి, వాపు వస్తుంది, ఊపిరితిత్తుల్లో గట్టి మచ్చలు కడతాయి. ఇదే సిలికోసిస్.

సాధారణంగా పదేళ్లకు పైగా పనిచేశాక ఆయాసం, పొడిదగ్గు బయటపడతాయి. ధూళి మరీ ఎక్కువైతే కొద్ది నెలల్లోనే రావచ్చు. పని మానేసినా వ్యాధి ముదరవచ్చు. క్షయ సోకే ముప్పూ పెరుగుతుంది. ఎక్స్‌రేలో రెండూ ఒకేలా కనిపించవచ్చు కాబట్టి రోగి చేసిన పని గురించి వైద్యుడు అడిగి తీరాలి.

మచ్చలను మాన్పే మందు లేదు. ముఖానికి కట్టుకునే తువాలు ఈ ధూళిని ఆపలేదు. నీళ్లు చల్లుతూ తవ్వడం, దుమ్మును యంత్రం దగ్గరే పీల్చివేయడం అవసరం. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం సిలికోసిస్‌ను వృత్తి వ్యాధిగా గుర్తించింది.