ఇంటిబట్టల చరిత్ర: కాన్సస్ సిటీ నుంచి తోకలపల్లి దాకా

2018 నవంబరులో పశ్చిమ గోదావరి జిల్లాలోని తోకలపల్లి అనే చిన్న ఊరు కొన్నాళ్ళపాటు దేశంలో ఉన్న పేపర్లన్నిటికీ ఎక్కింది. ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా ఆడవాళ్ళెవరూ నైటీలో బయట కనపడకూడదని ఊరిపెద్దలు కట్టుబాటు పెట్టారు. కనపడితే 2,000 రూపాయల జరిమానా. పట్టిచ్చినవాళ్ళకి 1,000 రూపాయల బహుమానం. చివరికి అధికారులు ఊళ్ళోకి వెళ్ళి ఇలాంటి జరిమానాలు చెల్లవని చెప్పాల్సి వచ్చింది. అంతకు నాలుగేళ్ళ ముందు నవీ ముంబైలో గోఠివలీ అనే చోట కూడా ఇలాంటి నిషేధమే పెట్టారు, జరిమానా 500. అక్కడ పెట్టింది మహిళా మండలి.

ఈ వార్తని అప్పట్లో అందరం నవ్వుకుని ఫార్వర్డ్ చేసుకున్నాం. నవ్వు అయిపోయాక నన్ను వదలనిది ఇంకోటి. జరిమానాలు పెట్టి, గూఢచారులకి డబ్బులిచ్చి మరీ ఆపాల్సి వచ్చేంతగా ఒక బట్ట వాడకంలోకి వచ్చిందంటే, దానికి ముందున్నది ఎక్కడో పనిచెయ్యడం మానేసిందన్నమాట. మా ఆఫీసులో ఇలాంటివి రోజూ చూస్తుంటాం. ఇచ్చిన సాఫ్ట్‌వేర్ వదిలేసి జనం ఎక్సెల్ షీట్లో పని చేసుకుంటున్నారంటే తప్పు జనంది కాదు.

ముందున్నది చీర. చీర మీద నాకేమీ కోపం లేదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. అసలు "చీర" అని ఒకే వస్తువు గురించి మాట్లాడినట్టు మాట్లాడ్డంలోనే చిక్కుంది. నాట్లు వేసే ఆవిడ గోచీ పోసి కట్టేది ఒక బట్ట. మా నానమ్మ తరంలో ముసలివాళ్ళు రవిక లేకుండా ఒంటికి చుట్టుకున్న మెత్తటి నేతచీర ఇంకో బట్ట. లోలంగా బొందు బిగించి, చేతులు పైకెత్తితే కుట్లు పిగిలే జాకెట్టు తొడిగి, పిన్నులు పెట్టుకుని ఆఫీసుకి కట్టుకెళ్ళేది మూడో బట్ట. మొదటి రెండూ వేడికీ పనికీ తగ్గట్టు పుట్టినవి. మూడోది నలుగురిలోకి వెళ్ళడానికి పుట్టింది.

ఎలా పుట్టిందో బెంగాల్లో ఒక కథ ఉంది. సత్యేంద్రనాథ్ టాగూర్ మొట్టమొదటి భారతీయ ఐసీఎస్ అధికారి, రవీంద్రుడికి అన్న. 1864లో ఆయన తన భార్య జ్ఞానదానందినీ దేవిని బొంబాయి తీసుకెళ్ళాలనుకున్నాడు. అప్పటిదాకా ఆవిడ అంతఃపురం దాటింది లేదు. అక్కడ ఆడవాళ్ళు లోపల ఇంకేమీ లేకుండా ఒక పల్చటి చీర చుట్టుకునేవాళ్ళు. గదుల మధ్య తిరగడానికి అది చాలు, ఓడెక్కడానికి చాలదు. కలకత్తాలో ఫ్రెంచివాళ్ళ బట్టల దుకాణంలో "ఓరియంటల్" డ్రెస్సొకటి కుట్టించారు. అది తనంతట తాను తొడుక్కోలేనంత గందరగోళంగా ఉండి, ఒకరు సాయం పట్టాల్సి వచ్చిందట. బొంబాయిలో పార్సీ స్త్రీలు చీర కట్టే తీరు చూశాక ఆవిడకి దారి దొరికింది. వాళ్ళు కుడి భుజం మీద వేసుకునే కొంగుని ఎడమ భుజానికి మార్చింది, కుడిచెయ్యి ఖాళీగా ఉండాలని. లోపల పెట్టికోటు, పైన జాకెట్టు. తిరిగొచ్చాక ఆ కట్టు బ్రహ్మసమాజపు కుటుంబాల్లో పాకి, బ్రాహ్మిక చీర అని పేరు తెచ్చుకుంది.

మన భాషలోనే దీనికో ఆనవాలుంది. రవిక అనే మంచి మాట ఉండగా మనం రోజూ అనేది జాకెట్టు. విక్టోరియా రాణి కాలపు ఇంగ్లీషు దొరసాని కోటు పేరది. ఇంకో పక్క, ఇప్పుడు దేశమంతా మామూలైపోయిన కట్టుని ఫ్యాషన్ పుస్తకాలు "నీవి" అంటాయి. నీవి అంటే మన కావ్యాల్లో పోకముడి. ముడి పోయి బొందు వచ్చింది, పేరు మాత్రం మిగిలింది. (ఆ బొందు సంగతి కూడా చిన్నదేం కాదు. నడుం చుట్టూ ఒకేచోట ఏళ్ళతరబడి బిగించి కట్టడం వల్ల పుండు పడి, అరుదుగా అది చర్మ క్యాన్సర్‌గా మారిన కేసుల గురించి 2024లో మన డాక్టర్లు ఒక బ్రిటిష్ వైద్యపత్రికలో రాశారు.)

జ్ఞానదానందిని చేసింది గొప్ప పని. గడప దాటడానికి ఆడవాళ్ళకి ఒక బట్ట దొరికింది. కానీ గడప దాటడానికి చేసిన ఆ బట్టే మర్యాద అనే పేరుతో వంటింట్లోకి తిరిగొచ్చి, పొద్దున్న పొయ్యి వెలిగించిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా యూనిఫాం అయిపోయింది. బయటికి వెళ్ళడానికి బట్టలు మార్చుకున్న చరిత్ర మనకుంది. ఇంట్లో ఉండడానికి ఏం వేసుకోవాలని ఎవరైనా కూర్చుని ఆలోచించిన చరిత్ర నాకెక్కడా కనపడలేదు.

అలా ఆలోచించినవాళ్ళ కోసం వెతుకుతూ వెళ్తే దొరికిన మనిషి నెల్ డానెల్లీ.

అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని కాన్సస్ సిటీ, 1916. నెల్‌కి ఇరవయ్యేడేళ్ళు. పెళ్ళయ్యాక కాలేజీకి వెళ్ళి చదువుకుంది, ఆ రోజుల్లో అది వింతే. అప్పట్లో ఇంటిపనికి అక్కడ ఆడవాళ్ళు వేసుకునేది మదర్ హబ్బర్డ్ అనే గౌను. భుజాల దగ్గర్నుంచి గోనెసంచిలా కిందికి దిగుతుంది, నడుం ఉండదు. (ఇదే గౌనుని మిషనరీలు పసిఫిక్ దీవులకి పట్టుకెళ్ళి అక్కడి ఆడవాళ్ళ ఒళ్ళు కప్పించారు. హవాయివాళ్ళు ఆ జాతి గౌన్లకే పెద్దపెద్ద పూలు అద్దుకుని ము-ము అని తమదిగా చేసేసుకున్నారు. సిగ్గు నేర్పడానికి తెచ్చిన బట్టలో హాయి వెతుక్కోవడం మనం ఒక్కళ్ళమే చేసిన పని కాదు.) దుకాణంలో దాని ఖరీదు 69 సెంట్లు. నెల్‌కి అది వేసుకోబుద్ధి కాలేదు. గిన్నెలు కడిగేటప్పుడు కూడా బాగా కనపడాలని ఉందావిడకి. తనే గళ్ళ గింగమ్ గుడ్డతో, అంచులకి కుచ్చులు పెట్టి, ఒంటికి నప్పేట్టు గౌన్లు కుట్టుకుంది. ఇరుగుపొరుగు మాకూ కావాలన్నారు. ఊళ్ళోని పెక్స్ అనే పెద్ద దుకాణం పద్దెనిమిది డజన్లకి ఆర్డరిచ్చింది. ఒక్కోటి ఒక డాలరు. అంటే మామూలు ఇంటిగౌను కంటే దాదాపు సగం ఎక్కువ. 216 గౌన్లూ ఆ మధ్యాహ్నంలోపే అయిపోయాయి.

నాకు ఇందులో బాగా నచ్చేది ఆ ధర. ఇంట్లో వేసుకునేదానికి ఎక్కువ పెట్టి ఎవరు కొంటారని వ్యాపారులు అనుకునే చోట, ఆడవాళ్ళు పెట్టి కొన్నారు. ఎవరూ చూడని చోట కూడా బాగుండాలనుకోవడం అమాయకపు సరదా కాదని, దానికి మార్కెట్ ఉందని తేలింది. 1919లో డానెల్లీ గార్మెంట్ కంపెనీ పెట్టారు. నెల్లీ డాన్ అనే బ్రాండు దశాబ్దాల పాటు కోట్ల కొద్దీ గౌన్లు అమ్మింది. ఒక్కో మనిషీ ఒక్కో భాగం కుట్టేలా పని విడగొట్టి, కార్ల ఫ్యాక్టరీలాగా నడిపారు. 1931లో ఆవిడని డబ్బు కోసం ఎత్తుకుపోయారంటే ఎంత సంపాదించిందో ఊహించుకోవచ్చు (ఒకటిన్నర రోజులో క్షేమంగా బయటపడింది). అలాగని దేవతని చెయ్యక్కర్లేదు. కార్మిక సంఘం తన ఫ్యాక్టరీలోకి రాకుండా ఏళ్ళతరబడి కోర్టుల్లో పోరాడింది కూడా ఈవిడే. గిన్నెలు కడిగే ఆడవాళ్ళ సుఖం గురించి అంత బాగా ఆలోచించిన మనిషి, కుట్టే ఆడవాళ్ళు తమ సుఖం గురించి తామే మాట్లాడుకుంటామంటే ఒప్పుకోలేదు.

రెండో పేరు క్లేర్ మెకార్డెల్. 1938లో ఈవిడ చేసిన "మొనాస్టిక్" గౌను చూస్తే మనకి నవ్వొస్తుంది, ఎందుకంటే అది అచ్చం నైటీ. నడుం కత్తిరింపు లేదు, భుజాల నుంచి సూటిగా దిగుతుంది. పైన ఒక బెల్టు. ఆ బెల్టు ఎక్కడ కట్టాలి, ఎంత బిగించాలి అన్నది వేసుకునే మనిషి ఇష్టం. నప్పడం అనేది గుడ్డని ముందే ఒక కొలతకి కోసేస్తే రానక్కర్లేదు, మిగులు గుడ్డని ఎటు లాక్కోవాలో మనిషికి వదిలేసినా వస్తుంది. ఆలోచిస్తే మన చీర రహస్యం కూడా ఇదే. బరువు పెరిగినా తగ్గినా, కడుపుతో ఉన్నా, అదే ఆరు గజాలు. అందులో కొలత పెట్టి బిగించింది జాకెట్టూ లంగా బొందూ మాత్రమే.

1942లో యుద్ధం. పనిమనుషులు ఫ్యాక్టరీ ఉద్యోగాలకి వెళ్ళిపోయారు, సొంతంగా వంట చేసుకోవాల్సిన ఆడవాళ్ళకి ఏదైనా చెయ్యమని హార్పర్స్ బజార్ పత్రిక అడిగితే మెకార్డెల్ "పాపోవర్" చేసింది. డెనిమ్ గుడ్డ, చుట్టి కట్టుకునే గౌను, పక్కన పెద్ద జేబు. నడుం దగ్గర వేడిగిన్నె పట్టుకునే చేతి తొడుగొకటి తగిలించి ఉంటుంది. ఖరీదు 6 డాలర్ల 95 సెంట్లు. మొదటి ఏడాదిలోనే 75,000కి పైగా అమ్ముడయ్యాయి. వంట చేసి, అదే గౌనుతో వచ్చి భోజనాల బల్ల దగ్గర అతిథులతో కూర్చోవచ్చు. నాకు అసలు విషయం ఇక్కడుందనిపిస్తుంది. తలుపు తట్టినప్పుడు పరిగెత్తి బట్టలు మార్చుకోనక్కర్లేని బట్ట అది.

ఇప్పుడు మన నైటీ దగ్గరకొద్దాం. మా తెనాలిలో నాకు గుర్తున్నంతలో అది తొంభైల్లో వచ్చింది. మొదట్లో అమ్మ రాత్రి తలుపులేశాకే వేసుకునేది. తర్వాత పాలబ్బాయి వచ్చేదాకా, ఆ తర్వాత స్నానమయ్యేదాకా, చివరికి ఎవరూ రానిరోజుల్లో సాయంత్రందాకా. ఎవరైనా వస్తే దండెం మీద తువ్వాలు లాగి భుజాన వేసుకోవాలి. నైటీ మీద తువ్వాలు, కాస్త చిన్నవాళ్ళయితే చున్నీ. మా భాషలో చెప్పాలంటే అది ప్యాచ్. అసలు కోడ్‌లో ఉన్న తప్పు దిద్దకుండా పైన అతికించింది. నలభై ఏళ్ళ లోపలివాళ్ళం ఇప్పుడు వీడియో కాల్ అనగానే టీషర్టు మీద చున్నీ లాగుతున్నాం, అదీ ఇదే.

నైటీ తయారీ చూస్తే జాలేస్తుంది. ఛాతీ మీద ఒక యోకు, దాని కింద కుచ్చులు, కుచ్చులన్నీ పొట్ట దగ్గర పోగై ఉన్నదానికంటే లావుగా చూపిస్తాయి. మెడ ముందుకి జారుతుంది. అందుకే వంగినప్పుడు ఒక చెయ్యి మెడ దగ్గరే ఉంటుంది. పిల్లలకి పాలిచ్చేవాళ్ళ కోసం జిప్పులు పెట్టారు, అదొక్కటి నిజంగా ఆలోచించి చేసిన పని. సైజు అంటే ఫ్రీ సైజు. జేబుంటే అదృష్టం. అయినా కోట్లమంది ఎందుకు వేసుకుంటున్నారంటే, నడుం చుట్టూ బొందు లేదు, చంకల్లో బిగుతు లేదు, అరనిమిషంలో తొడుక్కోవచ్చు, మే నెలలో గాలి ఆడుతుంది. హాయి అనే ఒక్క పరీక్షలో అది చీర-జాకెట్టుని ఓడించింది. నప్పడమనే రెండో పరీక్ష దానికి ఎవరూ పెట్టనే లేదు.

నైటీని తిట్టేవాళ్ళలో రెండురకాలు. మర్యాద పోయిందనే తోకలపల్లి పెద్దలు ఒకరు. "రోజంతా నైటీలో ఎలా ఉంటారో" అని ముక్కు చిట్లించే మనబోటి చదువుకున్నవాళ్ళు రెండోరకం. రెండోరకం మీదే నాకు ఎక్కువ అభ్యంతరం. అదే గుడ్డ, అదే కోత, పక్కలు కాస్త వెడల్పు చేసి కఫ్తాన్ అని పేరు పెట్టి బొటిక్‌లో వేలాడదీస్తే మనం నాలుగింతలు పెట్టి కొని గోవాలో ఫొటోలు దిగుతాం. అక్కడ ఎవరూ తువ్వాలు వెయ్యమనరు.

మెకార్డెల్ గౌను ఫొటోలు చూసి, కిందటేడు మంగళగిరి కాటన్ మూడున్నర మీటర్లు కొని అమ్మకి అలాంటిదొకటి కుట్టించాను. చుట్టి కట్టుకునేది, మోచేతుల దాకా చేతులు, కుడిపక్కన పెద్ద జేబు. మా టైలరు గారు బొమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నైటీనా, గౌనా, డాక్టర్ల కోటా? రేటు దేనికింద వెయ్యనమ్మా?" అన్నాడు. ఆ ప్రశ్నకి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు, నైటీ రేటుకే కుట్టాడు. అమ్మ మొదటి వారం దాన్ని బీరువాలోనే ఉంచింది. తర్వాత ఒకరోజు దాంతోనే కూరగాయల బండి దాకా వెళ్ళొచ్చింది, భుజాన తువ్వాలు లేకుండా. పక్కింటి పిన్ని ఎక్కడ కొన్నావని అడిగిందట. రెండోది కుట్టించేటప్పుడు జేబు ఇంకో రెండంగుళాలు లోతు పెట్టించమంది, వంగినప్పుడు ఫోను జారిపోతోందని.