విరిగిన కుర్చీ దగ్గర ఒక రాత్రి

జెనీవాలో 15వ నంబరు ట్రాం 'నాసియోఁ' స్టాపులో మిమ్మల్ని దింపి వెళ్లిపోతుంది. 2025 ఆగస్టు 14, గురువారం. స్విట్జర్లాండ్ అనగానే మనకు మంచు గుర్తొస్తుంది గానీ ఈ వారం ఇక్కడ ఎండ మాడ్చేస్తోంది. ఎదురుగా ఐక్యరాజ్యసమితి ప్రాంగణం, గేటు వెనక జెండాల వరుస. గేటుకు ఇవతల చౌరస్తాలో మాత్రం తలెత్తి చూడాల్సినవి రెండున్నాయి.

ఒకటి, పన్నెండు మీటర్ల ఎత్తు చెక్క కుర్చీ. నాలుగు కాళ్లలో ఒకటి సగానికి చీలి విరిగిపోయి ఉంటుంది. మందుపాతరలు పేలి కాళ్లు పోగొట్టుకున్నవాళ్లను గుర్తుచేయడానికి 1997లో నిలబెట్టారు. రెండోది, లోపల సాగుతున్న ప్లాస్టిక్ ఒప్పందం చర్చల కోసమే వచ్చిన విగ్రహం. రోడాన్ చెక్కిన 'ఆలోచనాపరుడి'ని తలపిస్తుంది, ఆరు మీటర్లుంటుంది. బెంజమిన్ వాన్ వాంగ్ అనే కళాకారుడు చేశాడు. ఈ నెల 5న చర్చలు మొదలైనప్పటి నుంచి దాని చుట్టూ ప్లాస్టిక్ చెత్త పోగుపడుతూనే ఉంది. లోపల మాటలు సాగేకొద్దీ బయట ఈయన మునిగిపోతున్నాడు.

మెడలో పరిశీలకుల బ్యాడ్జి సర్దుకుని లోపలికి నడవండి. పచ్చికలో నెమలి కనబడితే ఆశ్చర్యపోకండి. ఈ తోట రాసిచ్చిన దాత, నెమళ్లను ఇక్కడ స్వేచ్ఛగా తిరగనివ్వాలని షరతు పెట్టాడని చెబుతారు.

భవనంలోకి వెళ్తే సంత. 183 దేశాల నుంచి సుమారు 1,400 మంది ప్రతినిధులు, మరో వెయ్యి మంది దాకా పరిశీలకులు. చమురు, రసాయన కంపెనీల తరఫువాళ్లే 234 మంది ఉన్నారని ఒక పర్యావరణ న్యాయ సంస్థ లెక్క తేల్చింది. ప్లాస్టిక్ కాలుష్యాన్ని అరికట్టే ఒప్పందం రాసుకుందామని 2022 మార్చిలో నైరోబీలో దేశాలన్నీ తీర్మానించాయి. 2024 ముగిసేలోపు పూర్తిచేయాలనుకున్నాయి. పుంటా డెల్ ఎస్తె, పారిస్, మళ్లీ నైరోబీ, ఒటావా, బూసాన్ అయ్యాయి. ఇది ఆరోసారి కూర్చోవడం. గడువు ఈ రాత్రి పన్నెండు.

తగువు ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ప్లాస్టిక్ పుట్టేది చమురు, గ్యాస్ నుంచి. 2019లో ప్రపంచం వాడినది 46 కోట్ల టన్నులు. చెత్తగా మారినదాంట్లో రీసైకిల్ అయ్యేది దాదాపు తొమ్మిది శాతమే. కాబట్టి తయారీనే తగ్గించాలని నార్వే, రువాండాల వెంట నడిచే దేశాలు అంటున్నాయి. చెత్త సంగతి మాట్లాడండి, తయారీ జోలికి రావద్దని సౌదీ అరేబియా, కువైట్, రష్యా, ఇరాన్ లాంటివి అంటున్నాయి. ఉత్పత్తికి పరిమితి పెట్టడం మన దేశానికీ ఇష్టం లేదు.

పక్కనున్నావిడ ఒళ్లో ముసాయిదా ఉంది, చూడండి. ఎవరికి నచ్చని మాట చుట్టూ వాళ్లు బ్రాకెట్లు పెడతారు. 'తగ్గించాలి' ఒక బ్రాకెట్లో, 'తగ్గించే ప్రయత్నం చేయవచ్చు' పక్క బ్రాకెట్లో. బూసాన్ నుంచి వచ్చినప్పుడు 22 పేజీలున్న కాగితం ఇక్కడ 35 పేజీలైంది. బ్రాకెట్లు పదిహేను వందలకు చేరాయి. వాక్యాలు తక్కువ, కంచెలు ఎక్కువ. నిన్న అధ్యక్షుడు, ఈక్వడార్‌కు చెందిన లూయిస్ వాయాస్ వాల్దివియెసో, కంచెలన్నీ పీకేసి తన ముసాయిదా తాను పెట్టాడు. తయారీ ఊసే లేదని ఒక పక్షం, మేం గీసిన గీతలు దాటిందని ఇంకో పక్షం, ఇద్దరూ విరుచుకుపడ్డారు.

చీకటి పడింది. పెద్ద హాలు తలుపుల దగ్గర నిలబడే ఓపిక లేనివాళ్లు గోడకు చేరగిలబడ్డారు. అసలు మాటలు మూసిన గదుల్లో నడుస్తున్నాయి. ఎవరు బయటికొచ్చినా అందరి కళ్లూ అటే. అర్ధరాత్రి కావస్తుండగా సభ మొదలవుతోందని కబురు. పరుగెత్తుకెళ్లి కూర్చుంటారు. అధ్యక్షుడు మైకు ముందుకొస్తాడు. సంప్రదింపులు ఇంకా సాగుతున్నాయి, రేపు మళ్లీ కలుద్దాం అంటాడు. అంతే, నిమిషం కూడా పట్టలేదు. గడువు తీరిపోయింది.

ఒంటిగంట ప్రాంతంలో కొత్త ముసాయిదా ఫోన్లలోకి వస్తుంది. అందరూ తలలు వంచి ఒకే మాట వెతుకుతున్నారు. ఉత్పత్తికి పరిమితి? లేదు. ఇప్పుడు తయారవుతున్న, వాడుతున్న మోతాదు ఇలాగే సాగలేదన్న వాక్యం మాత్రం ఉంది. ఇంకా తేలని చోట్లు వందకు పైనే. నిద్రలేని కళ్లకు అదీ కొంత ఆశే.

శుక్రవారం ఉదయం ఆరున్నర. మన దగ్గర పది గంటలు, ఆగస్టు 15. జెండా వందనాలు అయిపోయి, పిల్లలు చాక్లెట్లు తింటూ ఇళ్లకు పోతుంటారు. ప్లాస్టిక్ జెండాలు వాడొద్దని మన హోంశాఖ చెబుతూనే ఉంటుంది. చాక్లెట్ కాగితం సంగతి ఎవరూ అడగరు.

ఇక్కడ సభ మొదలైంది. నార్వే చెప్పేసింది, జెనీవాలో ఒప్పందం కుదరదని. పలావ్ 39 ద్వీప దేశాల తరఫున లేచింది. ప్రతిసారీ ఇంత దూరం వచ్చి, మా వాళ్లకు చూపించడానికి ఏమీ లేకుండా తిరిగి వెళ్తున్నామన్నది దాని ఆవేదన. సౌదీ, కువైట్ తమ మాటలకు చోటు దక్కలేదన్నాయి. నూటికి పైగా దేశాలు ఒకవైపున్నా పని జరగదు. ఇక్కడి పద్ధతి ఏకాభిప్రాయం. కొందరు మోకాలడ్డితే చాలు.

పరిశీలకుల వంతు వచ్చింది. యువజనుల తరఫున ఒకరు మాట్లాడారు. ఇరవై నాలుగు గంటలుగా కూర్చున్నాం, ఇక చాలన్నాయి అమెరికా, కువైట్. అక్కడితో కట్టేశారు. చెత్త ఏరి బతికేవాళ్ల ప్రతినిధులూ ఈ పది రోజులూ ఇక్కడే ఉన్నారు. ఈ భవనంలో ఉన్నవాళ్లలో, జనం పారేసిన ప్లాస్టిక్‌ను రోజూ చేత్తో ఎత్తేది వాళ్లే. వాళ్ల దాకా మైకు రాలేదు. తొమ్మిది దాటాక సుత్తి టేబుల్ మీద పడింది. సమావేశం ముగియలేదు, వాయిదా పడింది.

బయటికి రండి. చెత్తలో ఆలోచనాపరుడు అలాగే ఉన్నాడు. ఈసారి కుర్చీ దగ్గర కాసేపు నిలబడండి. మందుపాతరల మీద కూడా ఈ ఊళ్లోనే, ఇదే ఏకాభిప్రాయ పద్ధతిలో మాట్లాడుకున్నారు. 1996లో పూర్తి నిషేధం దగ్గర ఆగిపోయారు. అప్పుడు కెనడా, ఒప్పుకునేవాళ్లు మా ఊరు రండి అంది. 1997 డిసెంబరులో ఒటావాలో 122 దేశాలు సంతకం పెట్టాయి. అమెరికా, రష్యా, చైనా, భారత్ పెట్టలేదు. పెద్దవాళ్లు రాకుండా ఒప్పందం నిలబడుతుందా అని అప్పుడూ అడిగారు. ప్లాస్టిక్ విషయంలో ఆ ప్రశ్న మరింత బరువైనది, ఎక్కువగా తయారుచేసేదీ ఆ పెద్దవాళ్లే కనుక.

ట్రాం వస్తోంది. ఎక్కేముందు ఇంకోసారి తలెత్తి చూస్తారు. కుర్చీ మూడు కాళ్ల మీదే నిలబడి ఉంది.