తెలుగు అక్షరం - అచ్చు దిమ్మ నుండి ఆన్‌లైన్ పాఠం వరకు



ఇంటి వద్ద నుండే లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే 'జీవన్ ప్రమాణ్' 2014 నవంబరులో వచ్చింది. అది మొదలు సెల్‌ఫోన్‌లో ఏదో ఒక కొత్త పని మనం నేర్చుకోవలసి వస్తూనే ఉన్నది. నేర్పడానికి ఆన్‌లైన్ పాఠాలూ తయారవుతున్నాయి. ఆ పాఠంలో ఏమి చెప్పామన్నది ఎంత ముఖ్యమో, ఏ ఫాంటులో చూపామన్నదీ అంతే ముఖ్యం. అక్షరం కంటికి ఆనకపోతే పాఠం లేనట్టే. సర్వీసంతా కాగితాల మధ్య గడిపిన గుమాస్తాను గనుక, మన అక్షరం నడిచి వచ్చిన దారిని క్లుప్తంగా మనవి చేస్తాను.

తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు 1746-47 ప్రాంతంలో జర్మనీలోని హాలే పట్టణంలో వెలువడినాయి. మద్రాసులో మిషనరీగా పనిచేసి వెళ్ళిన బెంజమిన్ షుల్జ్ వాటిని వేయించాడు. తరువాత బెంగాలులోని సెరాంపూరులో విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో అచ్చయింది. 1854లో వావిళ్ళ రామస్వామి శాస్త్రులుగారు మద్రాసులో ప్రెస్సు స్థాపించారు. మన ప్రాచీన గ్రంథాలెన్నో ఆ సంస్థ ద్వారా పాఠకులకు చేరినాయి.

ఇంగ్లీషు అక్షరాలను పక్కపక్కన పేర్చితే మాట అవుతుంది. మనకట్లా కుదరదు. నెత్తిన తలకట్టు, గుడి, ఏత్వం. కాళ్ళ దగ్గర వత్తులు. పైన, మధ్య, క్రింద మూడు అంతస్తులూ కలిస్తేనే మన అక్షరం. కంపోజిటర్లు పడిన శ్రమంతా అందుకే.

1966లో అధికార భాషా చట్టం వచ్చింది. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్యగారి అధ్యక్షతన అధికార భాషా సంఘం ఏర్పడింది. ఆఫీసులలో తెలుగు టైపు మిషన్లు కనిపించసాగినాయి. ఉన్న కొద్ది మీటలతోనే గుణింతాలూ, వత్తులూ అన్నీ కొట్టాలి. అతుకుల అక్షరమైనా తెలుగులో ఉత్తర్వు వచ్చిందని సంతోషించాం. అయితే స్టెన్సిల్ కోసి సైక్లోస్టైల్ తీస్తే, చివరి కాపీలలో సిరా నిండి 'థ'లో చుక్క కనిపించేది కాదు. 'అర్థం' అంటే భావం, 'అర్ధం' అంటే సగం. తేడా అంతా ఒక్క చుక్కలోనే ఉన్నది. అర్ధ వేతన సెలవు ఉత్తర్వులు చూచినవారికి 'సగం' అన్న మాట విలువ వేరే చెప్పనక్కరలేదు!

తరువాత కంప్యూటర్లు వచ్చాయి. అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో డీటీపీ పని చురుకుగా సాగింది. అందులో ఒక చిక్కు ఉన్నది. ఆ పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు బొమ్మలను కూర్చినవి. అదే ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే తెలుగుకు బదులు అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. ఈ చిక్కు తీర్చింది యూనికోడ్. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగుకు సొంత స్థానం దక్కింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు 'గౌతమి' ఫాంటు వచ్చింది. అయినా కష్టాలన్నీ తీరలేదు. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అన్న అక్షరం మెసేజిలో వస్తే ఐఫోన్‌లో ఆప్‌లు కుప్పకూలినాయి. ఆపిల్ వారు అదే నెలలో సరిదిద్దినారు. మనం 'జ్ఞా' వ్రాయడం మానలేదు, యంత్రమే దారికి వచ్చింది!

ఈ చరిత్రలో గమనించవలసినది ఇదే. ఇంతకాలం యంత్రానికి తగ్గట్టు అక్షరం ఒదిగింది. ఇప్పుడు చదివేవారికి తగ్గట్టు అక్షరాన్ని ఎంచుకునే వీలు వచ్చింది. ఆ వీలును పాఠాలు తయారుచేసేవారు వినియోగించుకోవాలి.

మొదటిది, ఫాంటు యూనికోడ్‌లోనే ఉండాలి. నోటో సాన్స్ తెలుగు, మండలి వంటివి ఉచితంగానే దొరుకుతున్నాయి. మండలి ఫాంటుకు ఆ పేరు, 1975లో హైదరాబాదులో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకట కృష్ణారావుగారి స్మారకంగా పెట్టినది. రామభద్ర వంటి లావుపాటి ఫాంట్లు శీర్షికకే తగును. పాఠమంతా అందులో ఉంటే చుక్కలు పూడిపోతాయి. వరుసల మధ్య ఇంగ్లీషు కంటె ఎక్కువ ఎడం ఇవ్వాలి. లేకుంటే పై వరుస వత్తులు క్రింది వరుస గుడులకు తగులుతాయి. మన గుమాస్తాల అలవాటు కొద్దీ అండర్‌లైన్ చేయరాదు. ఆ గీత వత్తులను కోస్తుంది. ఒక పాఠానికి ఒకటి రెండు ఫాంట్లు చాలు. పెళ్ళి శుభలేఖ ముస్తాబు పాఠానికి పనికిరాదు.

మన పిల్లలూ మనుమలూ ఇటువంటి పాఠాలు తయారుచేస్తుంటే వారికి నాదొక విజ్ఞప్తి. పాఠం విడుదల చేసే ముందు, పెద్ద కంప్యూటర్ తెర మీద చూచి సరిపెట్టుకోవద్దు. డెబ్బై దాటిన ఒకరి చేతికి ఫోను ఇచ్చి 'అర్థం', 'అర్ధం' చదివించండి. "ఓటీపీ ఎవరికీ చెప్పకండి" అన్న వాక్యం చదివించండి. తడుముకోకుండా చదివితే ఆ ఫాంటు పనికి వచ్చినట్టే. తడుముకుంటే వారి కళ్ళను అనవద్దు, ఫాంటు మార్చండి.